నడచువారి గొడుగు



నాందేడు నగరమున గోదావరి గట్టున కాపురములుండి మగ్గములతోను మిల్లులతోను జీవనము సాగించిన మన పద్మశాలి కుటుంబములవారును, ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు ప్రాంతములలో ఇంట తెలుగును వీధిలో మరాఠీని మాటాడుకొనుచు రెండు భాషలను సమానముగ ప్రేమించుచున్నవారును, కిన్వట్ మాహూరు అడవిపల్లెలవారును, ఇటు ఆదిలాబాదు వైపువారును ఈ పూట నా మాటలు వినుచుందురని తలంచి, మీ యందఱి యిండ్లలోను ఉన్న ఒక చిన్న వస్తువును గూర్చి ముచ్చటింపవలెనని వచ్చితిని. ఆ వస్తువు గొడుగు.

తలుపు వెనుక మేకుకు వ్రేలాడుచుండునే, ఆ గొడుగే. దానిని మనము వానకాలమున బజారునకు పోవునపుడు తీయుదుము. కొండ యెక్కునపుడు తీయము. ఆమడలకొలది నడచి యాత్రకు పోవునపుడు తీయము. ఎండలో కాలినడకన పొరుగూరికి పోవునపుడు తలకు తువాలు చుట్టుకొని పోవుదుము గాని గొడుగు మాట తలంపము. ఇది సరికాదని నా మనవి. గొడుగు పుట్టినదే నడచువారి కొఱకు. ఈ మాట నేను కల్పించినది కాదు. మహాభారతము చెప్పిన మాట.

ఆనుశాసనిక పర్వమున ధర్మరాజు భీష్ముని ఒక ప్రశ్న యడుగును. శ్రాద్ధములయందును ఇతర పుణ్యకార్యములయందును గొడుగును పాదరక్షలును దానము చేయు నాచారము ఎవ్వరిచే ఏర్పడినది, ఎందులకు ఏర్పడినది, అని. అంపశయ్యపై నున్న తాత అందులకు ఒక కథ చెప్పెను. కథ చిన్నది. మెల్లగా చెప్పెదను.

జమదగ్ని మహర్షి ఒకనాడు వింటిని చేపట్టి వినోదించుచుండెను. బాణము సంధించును, విడుచును. అది పోయి దూరమున పడును. భార్య రేణుక పరుగున పోయి దానిని తెచ్చి యిచ్చును. మఱల బాణము. మఱల పరుగు. అల్లెత్రాటి మ్రోతకును, బాణము దూసికొని పోవు చప్పుడునకును ఉల్లసిల్లుచు, ముని ప్రొద్దు చూచుకొనలేదు. అది జ్యేష్ఠమాసము. సూర్యుడు నడినెత్తికి వచ్చెను. అప్పుడును ఆయన బాణములు విడుచుచునే యుండెను. అప్పుడును తెమ్మనుచునే యుండెను. రేణుక పోయెను. పాదములు కాలినవి. తల మండినది. ఆలస్యమైనచో భర్త శపించునేమో యను భయము ఒకవైపు పీడించుచున్నను, ఆమె ఒక్క క్షణము చెట్టునీడను నిలిచెను. ఒక్క క్షణము మాత్రమే. ఆపై బాణములు ఏరుకొని, నొచ్చిన పాదములతో, వణకుచు వచ్చి భర్త యెదుట నిలుచుండెను.

ఇంత ఆలస్యమేల యని ముని కోపించెను. తలయు పాదములును ఎండకు తాళలేకపోయినవి, అందుచే చెట్టునీడ నాశ్రయించితిని, అని ఆమె యున్నమాట చెప్పెను. అంతట ముని కోపము భార్యమీదినుండి సూర్యునిమీదికి తిరిగెను. నిన్ను బాధించిన ఈ సూర్యుని నేడే పడగొట్టెదనని విల్లు ఎక్కుపెట్టెను. అప్పుడు సూర్యుడు బ్రాహ్మణరూపమున దిగివచ్చి చెప్పిన మాట మీరు శ్రద్ధతో వినవలెను. ఓ మహర్షీ, సూర్యుడు తన కిరణములతో భూమియందలి రసమును పీల్చుకొనును. ఆ రసమునే వానకాలమున మఱల వర్షముగ కురిపించును. ఆ వర్షమువలన ఓషధులు, ఓషధులవలన అన్నము, అన్నమువలన ప్రాణులు. అట్టివానిని కూల్చి నీవు పొందునది యేమి, అని ఆయన యడిగెను. ఎండలేక వానలేదు. రెండును ఒక్కని పనియే. ముని శాంతింపలేదు. నడిమధ్యాహ్నమున నీవు అరనిమేషము నిలుతువు, అప్పుడు కొట్టెదను, అనెను. సూర్యుడు శరణు జొచ్చెను. శరణాగతుని చంపుట అధర్మము గనుక ముని నవ్వి విల్లు దించి, అట్లయినచో ఎండలో దారి సుఖముగ నడచుటకు ఉపాయము చెప్పుమనెను. అప్పుడు సూర్యుడు రెండు వస్తువులు ఇచ్చెను. తలకు గొడుగు. కాళ్లకు చెప్పులు.

ఇదీ కథ. ఇందులో లోకమునకు తొలి గొడుగు ఎవ్వరి బాధ చూచి వచ్చినదో గమనింపుడు. సింహాసనముపై కూర్చున్న రాజు కొఱకు రాలేదు. పల్లకిలో పోవు శ్రీమంతుని కొఱకు రాలేదు. నడియెండలో నడచి నడచి అలసిన ఒక స్త్రీ కొఱకు వచ్చినది. ముని అడిగినది కూడ దారి నడచుటకు ఉపాయమే. మఱియొకమారు చెప్పుచున్నాను. గొడుగు నడచువారి కొఱకు పుట్టినది.

ఇక ఆ రేణుకాదేవి ఎక్కడనో దూరమున లేదు. మన జిల్లాలోనే యున్నది. నాందేడు జిల్లా ఉత్తరపు కొసను, పెన్‌గంగ వంపు తిరిగి పోవు చోట, టేకు అడవుల నడుమ మాహూరుగడము కలదు. ఒక శిఖరమున రేణుకామాత. మఱియొక శిఖరమున దత్తాత్రేయుడు. ఇంకొక శిఖరమున ఆయన తల్లి అనసూయ. మరాఠీవారు రేణుకను కులదేవతగ కొలుచుచుండగా, మన తెలంగాణపు పల్లెలలో ఆమెయే మావురాల ఎల్లమ్మయై పూజ లందుకొనుచున్నది. భారతకథలో మాహూరు పేరు లేదు. అయినను రేణుక కుమారుడైన పరశురాముడు తండ్రి జమదగ్ని కళేబరమును కావడిలో పెట్టుకొని వచ్చి ఇచ్చట దత్తాత్రేయుని సన్నిధిని అంత్యక్రియలు జరిపెననియు, తల్లి ముఖమాత్రముగ భూమినుండి దర్శన మిచ్చెననియు ఈ క్షేత్రము నమ్మకము. ఈ నాటికిని గర్భగుడిలో ముఖమే దర్శనము. దంచిన తాంబూలము ప్రసాదము. ఏ తల్లి కొఱకు గొడుగు పుట్టినదని భారతము చెప్పుచున్నదో, ఆ తల్లి కొండకు ఏటేటా లక్షలకొలది జనులు పోవుచున్నారు. వారిలో గొడుగు చేతబట్టి నడచువారు ఎందఱున్నారని చూచినచో నా మనస్సు నొచ్చును.

మాహూరు నడక తెలియనివారికొఱకు రెండు మాటలు. ఆదిలాబాదునుండి ముద్ఖేడు పోవు రైలుదారిలో కిన్వట్ స్టేషనులో దిగి, అక్కడినుండి బస్సులో మాహూరు చేరవచ్చును. గుడి మెట్లు ఎక్కుట పెద్ద పని కాదు. నిజమైన నడక మెట్లు దిగిన పిమ్మట మొదలగును. ఒక శిఖరమునుండి మఱియొక శిఖరమునకు, మాతృతీర్థమునకు, కొండను తొలిచిన పాండవలేణి గుహలకు, పాత కోట గోడలమీదికి, ఇట్లు ఒక పగలంతయు నడువవచ్చును. శ్రావణపూర్ణిమకు గడపరిక్రమ చేయువారు అడవిదారిని, వానలో, బురదలో కొండలచుట్టు తిరిగి వత్తురు. ఆశ్వయుజమున నవరాత్రులకు వచ్చువారికి ఉదయమున ఎండ, సాయంకాలమున వాన. చైత్రమున వచ్చువారికి ఎండ తప్ప వేఱొకటి లేదు. కాలము మాఱును గాని, గొడుగు అక్కరలేని కాలము మాత్రము మాహూరున లేదు.

ఇంత అక్కరయున్నను మనము దానిని ఏల విడిచితిమి? నాకు తోచిన కారణ మొకటి చెప్పెదను. మనకు గొడుగు చిరకాలము అధికారచిహ్నముగ కనబడినది. రాజునకు శ్వేతచ్ఛత్రము. దేవునికి ఉత్సవమున గొడుగు. పెండ్లికొడుకునకు గొడుగు. నాందేడు 1956 వఱకు హైదరాబాదు రాజ్యమున నుండెను. ఆ కాలపు పల్లెలలో దొరగడీ ముందు చెప్పులు తొడిగికొనియు గొడుగు వేసికొనియు నడచుటకు సామాన్యునకు ధైర్యము చాలదని మన పెద్దలు చెప్పుచుండిరి. సూర్యుడు నడచువారి కిచ్చిన రెండు వస్తువులును, గొడుగును చెప్పులును, ఆ గడీ ముందే విడువవలసి వచ్చెను! ఎంత అన్యాయమో మీరే ఆలోచింపుడు. అల్పునకు ఐశ్వర్యము వచ్చినచో అర్ధరాత్రి గొడుగు పట్టమనెనను సామెతను కూడ మనము తప్పుగ జ్ఞాపకముంచుకొంటిమి. ఆ సామెత నిందించినది పరునిచేత గొడుగు పట్టించుకొనువానిని. తన గొడుగు తాను పట్టుకొని నడచువానిని నిందింపలేదు. ఇట్టి చులకన పరదేశమునను ఉండెను. పదునెనిమిదవ శతాబ్దమున లండను నగరమున జోనాస్ హాన్వే అను పెద్దమనిషి గొడుగు వేసికొని వీధిలో నడచినందులకు బాడుగబండ్లవారు అతనిని ఎగతాళి చేసిరట. ఆయన వెనుదీయలేదు. నడిచినాడు. ఆయన పోయిన పిమ్మట ఆ దేశమున గొడుగు సాధారణ వస్తువైపోయెను.

ఇప్పుడు ఎండ మాట చూతము.

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మనవారి మాట. నాందేడు ఎండ ఎఱిగినవారికి దానిని వివరింపనక్కరలేదు. మే మాసమున 42, 43 డిగ్రీలు ఇచ్చట వింత గాదు. అయితే ఒక సంగతి మనసున నుంచుకొనవలెను. వాతావరణశాఖవారు చెప్పు ఆ డిగ్రీలు నీడలో కొలిచినవి. నీడలో! ఎండలో నడచు మనుష్యునికి ఆ గాలివేడిమిపై సూర్యకిరణముల వేడిమి వేఱుగ వచ్చి పడును. తలపై పడును, మెడపై పడును, భుజములపై పడును. గొడుగు గాలిని చల్లబఱుపజాలదు. కిరణములను ఆపును. ఆ రెండవ భారమును దించును. చెట్టులేని దారిలో చెట్టునీడను వెంట తీసికొనిపోవుటయే గొడుగు పని. రేణుక ఒక్క క్షణము నిలిచిన నీడ, నిలువనక్కర లేకయే, అడుగడుగునకు మీతో వచ్చును.

తువాలు చుట్టినను, టోపీ పెట్టినను తలకు నీడ కలుగును గదా యని మీరు అడుగవచ్చును. కలుగును. కాని ఆ వస్త్రము తలను అంటియుండును. దాని వేడి తలకు దిగును. లోపలి చెమట ఆఱదు. గొడుగు తలకు జానెడు దూరమున నిలిచి నీడ నిచ్చును, ఆ నడుమ గాలి ఆడును, చెమట ఆఱును, చెమట ఆఱినచోనే ఒడలు చల్లబడును. ఈ ఒక్క మాట గుర్తుంచుకొనుడు. పైన కప్పు, చుట్టును గాలి. గొడుగు మహిమ అంతయు అందులోనే యున్నది. పైన కప్పు, చుట్టును గాలి.

ఏ రంగు గొడుగు మంచిది? నల్లగొడుగు ఎండకు పనికిరాదని కొందఱందురు. అది సగము నిజము. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయపు వైద్యులు 2013లో గొడుగులను ఎండలో పరీక్షించి చూచిరి. చర్మమునకు హాని చేయు అతినీలలోహిత కిరణములను నల్లగొడుగులు నూటికి 90 పాళ్లకు తక్కువ గాకుండ ఆపినవి. తక్కిన రంగులవి అంతకంటె కొంచెము వెనుకబడినవి. కావున నల్లగుడ్డ చర్మమునకు మేలే. అయితే నల్లగుడ్డ వేడెక్కును. పలుచని గుడ్డయైనచో ఆ వేడి క్రిందికి తగులును. అందుచే పైన వెండిపూత, లోపల నలుపు గల గొడుగు ఎండదారికి ఉత్తమము. పైపూత కిరణములను త్రిప్పికొట్టును. లోపలి నలుపు నేలనుండి ఎగసి కన్నులలో పడు వెలుతురును మ్రింగును. అట్టిది దొరకనిచో నల్లగొడుగుపై తెల్లని పాతపంచె ముక్కను కప్పి అంచులయందు కుట్టుకొనుడు. పని జరుగును. అమెరికా పశ్చిమభాగమున మెక్సికో సరిహద్దునుండి కెనడా సరిహద్దువఱకు కొండలమీద, ఎడారులమీద పోవు దీర్ఘమైన కాలిబాట కలదు. రే జార్డీన్ అను నడకగాడు తన భార్య జెన్నీతో కూడ ఆ బాటను నడచినవాడు. ఎడారిలో నడచునపుడు గొడుగుపై తళతళలాడు రేకు అంటించుకొనవలెనని ఆయన గ్రంథమున వ్రాసినాడు. బరువైన వస్తువు ఒక్కటియు మోయకూడదని వాదించిన ఆ మనుష్యుడు గొడుగును మాత్రము విడువలేదు. జమదగ్ని కథ ఆయన విన్నాడో లేదో. భార్యాభర్తలు ఎండలో నడచుచు కనుగొన్న ఉపాయము మాత్రము అదియే.

ఒక హెచ్చరిక. గొడుగు వడదెబ్బకు మందు గాదు. మాహూరు కొండలు నల్లరాతి కొండలు. ఆ రాయి పగలంతయు కాగి, ప్రొద్దు వ్రాలిన పిమ్మటను క్రిందినుండి సెగ చిమ్ముచుండును. ఆ సెగను గొడుగు ఆపదు. వడగాడ్పును ఆపదు. కావున తెల్లవాఱకముందే బయలుదేరుడు. నీరు త్రాగుచుండుడు. కాళ్లకు చెప్పులు మఱవకుడు. సూర్యుడు రెండు వస్తువులు ఇచ్చెనని చెప్పితిని గదా.

ఎండ మాట చాలు. ఇక వాన.

మన జిల్లాలో కిన్వట్, మాహూరు వైపు వాన మెండు. మృగశిర ప్రవేశించి తొలకరి పడిన పిమ్మట ఆ అడవి పచ్చబడు తీరు కన్నులారా చూడవలసినది. ఆ దినములలో నడచువానికి రెండు తడులు. ఒకటి ఆకాశమునుండి వచ్చునది. రెండవది తన ఒంటినుండి వచ్చునది. ఈ రెండవ తడిని జనులు మఱచుచున్నారు. రబ్బరుకోటో ప్లాస్టిక్ కోటో తొడిగికొని కొండ యెక్కి చూడుడు. పైనుండి చుక్క రాదు. కాని ఎక్కుచుండగా ఒడలు కాగును, చెమట పట్టును, గాలియందు తేమ నిండియుండుటచే అది ఆఱదు, కోటు దానిని బయటికి పోనీయదు. శిఖరము చేరి కోటు విప్పునప్పటికి లోపలి చొక్కా పిండవలసియుండును. అక్కడి చలిగాలి తగిలినచో వణకు పుట్టును. గొడుగు క్రింద ఈ కష్టము లేదు. నడుము క్రింద కొంత తడియుట నిజమే. మోకాళ్లు తడియును. అవి త్వరగా ఆఱును. ఎదయు వీపును తలయు పొడిగా నుండును. వానలోను అదే మాట. పైన కప్పు, చుట్టును గాలి.

మన పెద్దలు వానకు వేఱు సాధనములు కూడ ఎఱుగుదురు. గొఱ్ఱెలకాపరి గొంగడిని కొప్పెరగ మడిచి నెత్తిన వేసికొని జడివానలో మందవెంట నిలుచును. ఉన్నిలోని జిడ్డు నీటిని చాలసేపు లోనికి రానీయదు. తడిసినను ఉన్ని వెచ్చగనే యుండును. నాట్లు వేయు స్త్రీలు ఆకులతో అల్లిన గిడుగును తలనుండి నడుమువఱకు కప్పుకొని వంగి పనిచేయుదురు. రెండు చేతులును పనిలో నుండవలసినవారికి అదియే తగినది. వారి పనికి అది, నడచువారికి గొడుగు. గొంగడి తడిసిన కొలది బరువెక్కును, కొండ యెక్కువాడు ఆ బరువు మోయజాలడు. ఆషాఢమున పండరికి కాలినడకన పోవు వారకరులలో అనేకులు ప్లాస్టిక్ గుడ్డ కప్పుకొని పోవుట చూచుచున్నాము. చేతిలో తాళములు, నెత్తిన తులసికోట యున్నవారికి గొడుగు పట్టుకొనుట కష్టము. తక్కినవారు పట్టుకొనవచ్చును, ప్రక్కవారికి పట్టవచ్చును.

గుడ్డను గూర్చి నాకంటె మా పద్మశాలి శ్రోతలకు ఎక్కువ తెలియును. పూర్వపు గొడుగు నూలుగుడ్డది. నూలుపోగు తడిసినపుడు ఉబ్బును; ఉబ్బి ప్రక్కపోగును ఒఱయును; సందులు మూసికొనును. దట్టముగ నేసిన నూలుగుడ్డ వానను ఆపుటలోని రహస్య మిదియే. అందుచే తొలి నాలుగు చినుకులకు సన్నని తుంపర లోనికి దిగినను, గుడ్డ పూర్తిగ తడిసిన పిమ్మట చుక్క దిగదు. ఒక షరతు కలదు. తడిసిన గుడ్డను వ్రేలితో లోపలినుండి తాకరాదు. తాకినచోట కారును. ఇప్పటి నైలాను గుడ్డకు ఈ చిక్కు లేదు. బరువును తక్కువ, త్వరగా ఆఱును. అయినను వెదురో బెత్తమో కామగా గల ఆ పాతగొడుగు చేతికి కఱ్ఱగా కూడ పనికివచ్చుచుండెను. వానలో మాహూరు రాతిమెట్లు పాచిపట్టి జాఱును. ముడిచిన నిడుపాటి గొడుగు, కొసను ఇనుపపొన్ను గలది, అక్కడ మూడవ కాలు. మూడుమడతల చిన్నగొడుగు సంచిలో ఇముడును గాని ఊతకు పనికిరాదు, గాలికి నిలువదు. కొండకు పోవువారు నిడుపాటి గొడుగునే కొనుడని నా సలహా. చేతులు ఖాళీ కావలసివచ్చినపుడు మన తాతలు ఏమి చేసిరి? వంపుకామను చొక్కా మెడపట్టికి వెనుక తగిలించుకొని పోయిరి. ఇప్పుడును అట్లే చేయుడు.

పట్టుకొను విధము కూడ నేర్వవలసినదే. చేయి చాచి ఎత్తుగ పట్టకుడు. కామను ఎదకు దగ్గఱగ, గొడుగు తలను ఇంచుమించు తాకునట్లు క్రిందికి పట్టుడు. వాన ఏవైపునుండి ఏటవాలుగ వచ్చునో ఆవైపునకు వంచుడు. గాలి విసరు విసరునకు దిక్కు మాఱుచున్నచో గాలికి ఎదురుగ ముఖము త్రిప్పుడు. వెనుకనుండి గాలి దూఱినచో ఊచలు తిరగబడి విఱుగును. మెట్లమీద జనసమ్మర్దమున గొడుగును నిటారుగ నుంచుడు. ఊచకొనలు ప్రక్కవాని కంటి యెత్తున నుండునని మఱవకుడు. పిల్లవానిని ఎత్తుకొన్న తల్లి వెనుక వచ్చుచున్నచో గొడుగు ముడిచి, ఆమెకు దారి యిచ్చి, మఱల తెఱచుకొనుడు. ముళ్లపొదల నడుమ సన్నని కాలిబాటలో గొడుగు వలదు, గుడ్డ చిరుగును. సహస్రకుండము దగ్గఱ కూడ వలదు. ఇస్లాపూరు చేరువను పెన్‌గంగ బండలమీదినుండి దుముకు ఆ జలపాతమునకు వానకాలమున పోయినవారికి తెలియును, అక్కడ నీటితుంపర క్రిందినుండి పైకి లేచును! అక్కడ గొడుగు ముడిచి హాయిగ తడియుడు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. దీనిని రెండుమార్లు చెప్పెదను.

ఉఱుము వినబడినచో గొడుగు ముడువవలెను. ఉఱుము వినబడినచో గొడుగు ముడువవలెను.

మన మరాఠ్వాడా ప్రాంతమున తొలకరికి ముందును, వానలు వెనుకకు మఱలు దినములలోను పిడుగులు మెండు. పొలములలో, బయళ్లలో, చెట్లక్రింద నిలిచినవారు ఏటేటా వానికి బలియగుచున్నారు. నవరాత్రులు సరిగ ఆ వానలు మఱలు దినములలోనే వచ్చును. సాయంకాలము కొండమీద మబ్బు క్రమ్మినచో ఆలోచన వలదు. శిఖరమున, కోటగోడమీద, బయలుమైదానమున ఎత్తుగ లేచియున్న దేనినైనను పిడుగు వెదకికొని వచ్చును. ఇనుపకామతో గొడుగు ఎత్తి పట్టినవాడు తన యెత్తును తానే పెంచుకొన్నవాడగును. మెఱుపు కనబడినంతనే లెక్కపెట్టుడు. 30 లెక్కించులోపల ఉఱుము వినబడినచో పిడుగు దగ్గఱనే యున్నది. గొడుగు ముడువుడు, గట్టు దిగుడు, పక్కా కట్టడములోనికి గాని మూసిన బస్సులోనికి గాని పొండు. చివరి ఉఱుము వినబడిన పిమ్మట అరగంట గడచినదాక బయటికి రాకుడు. ఒంటరిచెట్టు క్రిందికి మాత్రము పోకుడు. ఎండలో రేణుకను కాపాడిన చెట్టునీడ పిడుగువానలో ఎవ్వరిని కాపాడదు. తడిసినను బ్రతికి యింటికి రావలెను. ఈ మాట ఇంటనున్న పిల్లలకును, పొలమునకు పోవు కూలివారికిని మీరు మీ నోట చెప్పుడు.

చివరగా కొనుటను, కాపాడుకొనుటను గూర్చి కొంచెము. గొడుగు కొనునపుడు దుకాణమునందే తెఱచి, ఊచలు లెక్కించి, ఒక్కొక్క కీలును కదలించి చూడుడు. ఎనిమిది ఊచలది సాధారణముగ చాలును. ఊచ క్రిందివైపు తెఱచియున్న గాడిగ మలచిన ఉక్కుదైనచో తేలికగ నుండియు వంగదు. 1852లో ఇంగ్లండున సామ్యుయెల్ ఫాక్స్ అను నతడు కనిపెట్టిన ఆ మలపే ఇప్పటికిని మంచి గొడుగులలో నిలిచియున్నది. కొండనుండి వచ్చిన రాత్రి తడిగొడుగును ముడిచి మూలను పెట్టకుడు. సగము తెఱచి నీడపట్టున ఆఱబెట్టుడు. ఎండలో ఆఱవేసినచో రంగు పోవును, గుడ్డ చివుకును. ఆఱిన పిమ్మట కీళ్లకు ఒక్కొక్క బొట్టు కొబ్బరినూనె.

ఒక ఊచ విఱిగెనని గొడుగును పాఱవేయకుడు. మృగశిరకు ముందు మన పట్టణములలో వీధిప్రక్కను చెట్టుక్రింద గోనెపట్టా పఱచుకొని, తీగచుట్టలు, పాత ఊచలు, సన్నని పట్టకారు, సూదిదారము ముందు పెట్టుకొని గొడుగులు బాగుచేయు పనివారు కూర్చుందురు. ఒకప్పుడు వీధివీధిని కేకవేయుచు తిరిగిన ఆ పనివారు ఇప్పుడు తగ్గిపోవుచున్నారు. వాన దిగిన పిమ్మట వారియొద్ద గుంపు కూడును. తొందరలో పని సరిగ సాగదు. కావున ఈ వారమే తలుపు వెనుకనున్న గొడుగును దించుడు. తెఱచి వెలుతురునకు ఎత్తి చూడుడు, చిల్లులు తెలియును. గుడ్డ ఊడిన చోట ఊచకొనకు దారము వేయించుడు, విఱిగిన చోట పాత ఊచయే వేయించుడు, అతడు అడిగిన కూలి బేరమాడక ఇచ్చి, పొన్ను వదులైనదేమో కూడ చూడుమని చెప్పుడు.